తాండూరు గనిల కలిసిన ఇల్లు

మా బాపు మొయినాబాద్ బడిల పంతులు. చదువంతా ఉర్దూల నడిచే రోజులవి. నాకప్పుడు తొమ్మిదేండ్లు, అన్నకు పన్నెండు. పాఠంల ఏమున్నా పిల్లలకు కండ్లతోని చూపియ్యాలెనని బాపుకు పట్టుదల. చెరువుల పాఠం చెప్పిన వారం మమ్మల్ని గండిపేట కట్ట దాక నడిపించిండు. రాళ్ల పాఠం వచ్చినప్పుడు, "ఈ సెలవునాడు తాండూరు పోదాం. బండల గనులు చూసొద్దాం" అన్నడు.

అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి కాడ జొన్నరొట్టెలు చేస్తున్నది. చెయ్యి ఆపలె. "పోదాం" అన్నది, అంతే.

మాకు తెలిసిన అమ్మమ్మ ఊరు చేవెళ్ళ పక్కన ఆలూరు. తాతను మేం చూడలె. అవ్వ చిన్నగున్నప్పుడే పోయిండని తెలుసు. ఏడ పోయిండో, ఎట్ల పోయిండో ఎవలూ చెప్పలె, మేం అడగలె.

కోడి కూయంగనే కచ్చురం బండి కట్టించుకొని శంకర్‌పల్లి టేషన్‌కు పోయినం. యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి రైలు నిండ సిపాయిలే ఉన్నరు. అవ్వ రొట్టెల మూట ఒళ్లె పెట్టుకొని కిటికీ పక్కకు కూసున్నది. బాపు అన్నతోని పాఠం వల్లె వేయించిండు.

తాండూరు దిగంగనే టేషన్ పక్కన బండలు అరుగుల తీరు పేర్చి ఉన్నయి. ఊర్లె గోడలు బండలే, ఇంటి కప్పులు బండలే, గొడ్ల దొడ్డికి దడి బదులు నిలవెట్టినవీ బండలే. అన్న నోరు తెరుచుకొని చూసిండు. బాపు ఒకాయనను ఉర్దూల తోవ అడిగి కుడిచేతి దిక్కు నడువబట్టిండు.

"అటు పోతె దూరమైతది" అన్నది అవ్వ. "ఇటు రాండ్రి."

బాపు ఆగి ఆమె దిక్కు చూసిండు. "నీకు యాదున్నదా?"

"ఉన్నది."

ఆమె ముందల నడిచింది, మేం ముగ్గురం ఎనుక నడిచినం. అవ్వ ముందల నడువంగ బాపు ఎనుక పోవుడు నేను చూసుడు అదే మొదలు. నడుస్తుంటే బాపు మెల్లగ చెప్పిండు. అవ్వ పుట్టింది ఈ ఊర్లెనే అంట. తాత గనిల బండ కొట్టేటోడంట. అంతకు మించి తనకు గూడ తెల్వదన్నడు.

గని అంటే లోపలికి చీకటి గుహ ఉంటదనుకున్న నేను. అది తెరిచిన గుంత. పైన నల్లరేగడి, దాని కింద నీలం బండ, పొర మీద పొర. కింద మొగోళ్లు పొర సందుల గడ్డపార పెట్టి లేపుతున్నరు. ఆడోళ్లు తలమీద చుట్టబట్ట పెట్టుకొని పలకలు మోసుకుంట ఒడ్డెక్కుతున్నరు. బాపు అంచున నిలవడి, "ఇదంతా ఒకప్పుడు సముద్రం. అడుగున పేరుకున్న బురదనే ఇట్ల గట్టివడ్డది" అని చెప్పిండు.

"సముద్రమా?" అన్నది అవ్వ.

"పుస్తకంల అట్లనే ఉన్నది."

అవ్వ వంగి, ఒడ్డు మీదున్న పలకను చిన్న రాయితోని కొట్టింది. కంగుమన్నది. ఇంకోదాన్ని కొట్టింది, మొద్దుగ మోగింది. "ఇది లోపల పగిలింది. పనికి రాదు" అని అన్నకు చెప్పింది. అన్న తను గూడ కొట్టి చూస్తనని పక్కనున్న పాత గుంత దిక్కు ఉరికి, జారి తెల్లటి బురదల పడ్డడు. అంగి ముందలంతా ఖరాబైంది.

ఆ గుంత పక్కన గుడిసె ముందల ఒక ముసలామె కూసొని ఉన్నది. అన్న పడుడు చూసి నవ్వింది. తర్వాత అవ్వను చూసి, "ఎవలమ్మా మీరు? ఎవలి బిడ్డవు?" అన్నది.

"ఒంటికన్ను మేస్త్రి బిడ్డను, పెద్దవ్వా."

ముసలామె లేచొచ్చి అవ్వ గదువ పట్టుకొని మొకం ఎండకు తిప్పి చూసింది. "అవ్, నీ బాపు పోలికనే" అన్నది. తాతకు రాయి పెచ్చు ఎగిరి కన్ను పోయిందని నాకప్పుడే తెలిసింది. ఆయన గనిలనే, బండ పెళ్ల విరిగి మీద పడి పోయిండని గూడ ఆమె మాటలల్లనే తెలిసింది.

"మా గుడిసె ఏది, పెద్దవ్వా?"

ముసలామె గుంత దిక్కు చెయ్యి చూపింది. అండ్ల ఆకుపచ్చటి నీళ్లు నిలిచి ఉన్నయి. "గుడిసె కింద మంచి బండ వడ్డదని తవ్విండ్రు బిడ్డా. అగో, ఆ నీళ్ల నడుమ, ఇంత ఎత్తున ఉండె మీ వాకిలి."

అవ్వ అటే చూసుకుంట నిలవడ్డది. ఆమె చూసే కాడ గాలి తప్ప ఏం లేదు.

"మీ గుమ్మం కింది కడప బండ మాత్రం నేను తెచ్చుకున్న" అని ముసలామె మమ్మల్ని గుడిసె ఎనుకకు తీస్కపోయింది. ఆ బండ మీద ఆమె బట్టలు ఉతుకుతది. ఒక మూలకు ఉలితోని చెక్కిన చిన్న పాదం గీత ఉన్నది, అరిగిపోయి కనవడీ కనవడనట్టు. అవ్వకు రెండేండ్లప్పుడు ఆమె కాలు పెట్టించి తాత చుట్టూ గీసిండంట.

బాపు వెంటనే, "మనం తీస్కపోదాం. రైల్ల ఎట్లన్న ఎక్కిస్త" అన్నడు.

"నీదే కదా, తీస్కపో బిడ్డా" అన్నది ముసలామె.

"మరి నువ్వు ఏడ ఉతుక్కుంటవ్?" అన్నది అవ్వ. ఆ మాట అక్కడ్నే ఆగింది. ఆమె అన్న అంగి విప్పిచ్చి, ముసలామెను కుంకుడుకాయలు అడిగి, ఆ బండ మీద ఉతికింది. ఒక్క అంగికి అంతసేపు అవసరం లేదు. పిండి, పలకల కుప్ప మీద ఆరేస్తే ఎండకు జర సేపట్లనే ఆరింది. ఆరేదాక అందరం కూసొని, బాపు ఎప్పటి తీరుగ ప్రార్థన చేసినంక రొట్టెలు తిన్నం. ముసలామె ఉల్లిగడ్డ, మిరంపొడి తెచ్చి పెట్టింది.

వాపసు రైల్ల అవ్వ మాట్లాడింది. తాత పాటలు పాడెటోడని, ఉప్పు ఎక్కువ తినెటోడని, తనను భుజం మీద ఎక్కించుకొని గని అంచుకు తీస్కపోతే అమ్మమ్మ కొట్లాడేదని చెప్పింది. శంకర్‌పల్లి వచ్చేదాక బాపు ఒక్క మాట అడ్డం రాలె.

మరుసటి ఎండకాలం అవ్వ ఒక్కతే తాండూరు పోయొస్తనన్నది. ఎందుకని బాపు అడగలె, టేషన్ దాక పోయి రైలెక్కిచ్చిండు. రెండు రోజులకు తిరిగొచ్చింది. పెద్దవ్వకు సుస్తుగున్నది, గంజి కాసి తాపిన, తలకు పోసిన అని చెప్పి పొయ్యి ముట్టించింది.