నోరు తిరగని మాటలు

నాటకాలు రాసి రాసి, ఆడేవాళ్లు కరువయ్యాక కథల్లోకి దిగాడు ఆ పెద్దాయన. పాత పద్ధతి మాత్రం వదల్లేదు. కథలో ఆడవాళ్ల మాటలన్నీ భార్యచేత పైకి చదివించేవాడు. "కూర మాడితే మీదే పూచీ" అంటూనే ఆవిడ చదివేది. ఆవిడ నాలుక తడబడిన చోటల్లా కొట్టేసేవాడు. "నోరు తిరగని మాట కాగితం మీద బతకదే" అనేవాడు.

పక్షవాతంతో ఆవిడ మాట ముద్దయిపోయింది. అయినా కొత్త కథ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు, మొండి మనిషి. ప్రతి మాటకీ ఆవిడ తడబడింది. తప్పు ఆ నాలుకదని ఒప్పుకోలేక, తన రాతదేనంటూ ఒక్కొక్కటే కొట్టేశాడు. చివరికి కథలో భార్యకి "ఊఁ" ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడు బాగుందా?" అనడిగాడు.

"ఊఁ" అంది ఆవిడ, తడబడకుండా.