లింగన్న పలుపు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నేను ఏసీ పని చేసేవాణ్ణి. గేజీలో కనబడనిది లేనట్టే లెక్క. రూములో ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే లేచి బట్టలు ఉతుక్కోవడానికి పోయేవాణ్ణి. దీన్ని నమ్మమని కూడా ఎవరినీ అడగను. చూసింది చూసినట్టు చెబుతాను, అంతే.

సౌదీలో హాయిల్ ఊరి బయట ఒక షేక్ చలిదేశాల జంతువులను తెచ్చి పెంచేవాడు. పెద్ద షెడ్డు, సందర్శకులు చూడటానికి ఒక పక్కంతా అద్దం. లోపల తెల్ల నక్కలు, మంచు గుడ్లగూబలు, ఒక ఆడ రెయిన్‌డీర్. బయట నలభై ఆరు డిగ్రీలుంటే లోపల ఎనిమిది. నెలకు రెండుసార్లు మెషీన్లు చూడటానికి వెళ్లేవాణ్ణి. ఎడారిలో స్వెట్టర్ తొడుక్కుని చెమట తుడుచుకున్న ఘనత మాదే.

రెయిన్‌డీర్‌ను చూసుకునేవాడు లింగన్న. జగిత్యాల వైపు మనిషి, ఊళ్లో ఎడ్లు సాకినవాడు. దాన్ని తెల్లి అని పిలిచేవాడు. రోజూ పదకొండూ పదికి మెడకు పలుపు వేసి, ఎడమకాలు ఈడ్చుకుంటూ షెడ్డంతా ఒక చుట్టు తిప్పి, తొట్టి దగ్గర నీళ్లు తాగించి, ఆ తర్వాతే గడ్డి వేసేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఎడ్లకు చేసిందే దీనికీ చేశాడు, తొమ్మిదేళ్లు.

సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టంలో, నేనూ లింగన్నా పనిచేసే కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. సరిపడా సౌదీవాళ్లు లేని కంపెనీలో ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యూ కాదు. నాకింకా కొన్ని నెలల గడువుంది, లింగన్నకు లేదు. దేశం విడిచి పొమ్మని ఎగ్జిట్ కొట్టారు.

“పని పోయిందని బాధ లేదు తమ్మీ,” అన్నాడు సంచి సర్దుకుంటూ. “అది నా చేతిల తినుడుకు అలవాటైంది. వేరేటోని చేతిల తింటదో, తినదో.”

సంచిలో పలుపు కూడా పెట్టాడు. మా దిక్కు ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు. పలుపుతోపాటు కొట్టానికి కలిసొచ్చే అదృష్టం కూడా పోతుందంటారు.

“నువ్వేమన్న దాన్ని అమ్మినవా అన్నా?” అని ఎగతాళి చేశాను. నవ్వాడు గానీ పలుపు బయటికి తీయలేదు.

అతను పోయిన రోజు నుంచి తెల్లి తినడం మానేసింది. కొత్తగా వచ్చిన బంగ్లాదేశ్ మనిషి సలీం గడ్డి చేత్తో పట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. డాక్టర్ సూదులిచ్చాడు. చలి సరిపోవడం లేదేమోనని నన్ను పిలిపించారు. గేజీ ఎనిమిదే చూపించింది. నా మెషీన్‌లో తప్పుంటే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఎముకలు తేలాయి. ఇంకో రెండు రోజులకు మించి బతకదని డాక్టర్ అన్నాడు.

ఆరో రోజు నేను, సలీం లోపలే ఉన్నాం. పదకొండూ పది. పడుకున్న తెల్లి లేచింది. గేటు దగ్గరికి పోయి, పలుపు వేయించుకునేటప్పుడు వంచినట్టే మెడ వంచింది. తర్వాత నడిచింది. ఒక అడుగు, కాస్త ఆగడం, మళ్లీ అడుగు. కాలీడ్చే మనిషి వెనక నడిచే నడక అది. రెండో మూల దగ్గర మొండికేసింది. అంతలో దాని మెడ ముందుకు సాగింది, ఎవరో లాగినట్టు. తొట్టి దగ్గర నీళ్లు తాగింది. వచ్చి గడ్డి తింది.

“కిస్‌కే పీఛే చల్ రహీ హై, భాయ్?” అన్నాడు సలీం. ఎవరి వెనక నడుస్తోందని. నేను పోయి దాని మెడ తడిమి చూశాను. తాడంత వెడల్పున వెంట్రుకలు అణిగి ఉన్నాయి.

వెంటనే లింగన్న ఇంటికి ఫోన్ చేశాను. భార్య రాజవ్వ ఎత్తింది. గొంతులో భయం తెలుస్తోంది.

“అన్నం ముంగట కెల్లి లేసిండు తమ్మీ. కొట్టంల ఒక్క పసురం లేదు. పలుపు పట్టుకొని చుట్టు తిరిగిండు. పిలిస్తే ఇనలే. గిప్పుడే కూసున్నడు.”

లింగన్న ఫోన్ తీసుకున్నాడు. నేనింకా నోరు తెరవలేదు.

“తిన్నదా?” అన్నాడు. “మూల కాడ మొండికేసింది. జర గుంజిన.”

తిన్నదని మాత్రం చెప్పాను. అతను, “అమ్మినోడు గద పలుపు ఉంచుకునేది. నేను అమ్మలే. తప్పు జేసిన తమ్మీ,” అన్నాడు.

సెలవు ముగించుకుని వస్తున్న పక్క ఊరి మనిషితో పలుపు పంపించాడు. అది చేరడానికి రెండు వారాలు పట్టింది. అన్నాళ్లూ తెల్లి పదకొండూ పదికి లేచి, చుట్టు తిరిగి, ఆ తర్వాతే తినేదని సలీం చెప్పాడు. అక్కడ అదే సమయానికి, అంటే మన ఒకటీ నలభైకి, లింగన్న అన్నం ముందు నుంచి లేచేవాడని రాజవ్వ చెప్పింది.

పలుపు వచ్చిన రోజు నేనే తీసుకెళ్లి సలీం చేతికిచ్చాను. తెల్లి దాన్ని చాలాసేపు వాసన చూసింది. తర్వాత మెడ వంచింది. సలీం వెనక నడిచి, అతని చేతిలో తింది.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ గేజీ పెట్టి కొలవాలో కూడా తెలియదు. ఆ మధ్యాహ్నం సంతోషంగా ఫోన్ చేసి, “సలీం చేతిల తిన్నదన్నా,” అన్నాను.

“తెలుసు,” అన్నాడు లింగన్న. “ఇయ్యాల నన్ను పిలువలే.”

మంచిదే అయిందన్నాడు. అని ఏడ్చాడు.