జేజి తుమ్ములు, నా గట్టిమేళం

మనసు ఒకచోట నిలవకపోవడానికి ఇప్పుడు పేర్లున్నాయట, డాక్టర్లున్నారట. మా ఊళ్లకు కొత్తగా కరెంటు దీపాలు వస్తున్న ఆ రోజుల్లో మాత్రం దానికి ఒకటే మందు, వీపుమీద దెబ్బ. ఆ మందు నేను పుచ్చుకున్నంతగా మా జిల్లాలో ఇంకెవరూ పుచ్చుకుని ఉండరు. మా నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. దూదేకే విల్లు నా చేతికిస్తే, ఆ నారి టంగుమని మోగడం వింటూ కూర్చుని అసలు దూది సంగతే మరిచిపోయేవాణ్ణి. నాలుగు పరుపులు పాడయ్యాక నాయన నన్ను మా మామ ముందు నిలబెట్టి, "వీడికి చప్పుడు తప్ప ఇంకేం పట్టదు. నీ మేళంలో ఏసుకో" అని చేతులు దులుపుకున్నాడు. మామ సన్నాయి విద్వాంసుడు. మేం సాయిబులమే అయినా ఆ చుట్టుపక్కల మామ సన్నాయి లేకుండా పెళ్లి అయిందంటే, ఆ పెళ్లివారే నామోషీగా చెప్పుకునేవారు.

మామ నాకు డోలు నేర్పాడు. చేతులు చక్కగా పలికేవి. చిక్కంతా బుర్రతోనే. తాళం నాలుగు ఆవర్తాలు సాగేలోపల అది పందిట్లో వేలాడే మామిడాకులు లెక్కపెట్టి, వంటశాల దాకా వెళ్లి, సాంబారు వాసన చూసి వచ్చేది (ఒక్కోసారి వచ్చేది కాదు). అందరూ నన్ను "పరాకు" అని పిలిచేవారు. మామ మాత్రం కొట్టలేదు. పక్కనే ఆనుకుని కూర్చోబెట్టుకుని, "అల్లుడా, నీ మతి యాడికన్నా పోనీ. నా మోకాలు తగిల్నప్పుడు మాత్రం తిరిగొచ్చేయ్, అంతే" అన్నాడు. ఆ కుడిమోకాలు నా ఎడమమోకాలికి తగిలినప్పుడల్లా నేను ఏ లోకంలో ఉన్నా తాళంలోకి వచ్చి పడేవాణ్ణి. నాకు డోలంటే ప్రాణం. అది పోతే మళ్లీ దూదే గతి.

ముత్తుకూరు పెళ్లిలో ఆ ప్రాణం మీదికే వచ్చింది. తాళి కట్టే క్షణంలో తుమ్ము గాని, ఏడుపు గాని, అపశకునం మాట గాని ఎవరి చెవినా పడకూడదనే కదా గట్టిమేళం వాయించేది. పంతులుగారు వేలెత్తగానే డోలు ఉరమాలి. ఆ రోజు ఆయన వేలెత్తారు, మామ మోకాలితో పొడిచాడు, ఆ ఒక్కసారికి అదీ పనిచేయలేదు. నేనేమో ఒక చీమ అక్షింత గింజను మోసుకుపోవడం చూస్తున్నాను. ఆ నిశ్శబ్దంలోనే తాళి కట్టడం అయిపోయింది. పెళ్లికూతురి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంటికొచ్చాక మామ అన్నాడు: "ఇంకొక్క పెళ్లి చూస్తా. ఈ తూరి తప్పినావంటే డోలు దించేసి మీ నాయన కాడికి పో."

ఆ ఇంకొక్క పెళ్లి కోట అనే ఊళ్లో, ఒక పెద్ద రైతు ఇంట. నా ఖర్మ కొద్దీ మాకు చూపించిన చోట పందిరి గుంజ ఒకటి సరిగ్గా మా ఇద్దరి మధ్యకు వచ్చింది. మోకాలు అందే దారి లేదు. సరే, రెప్ప వాల్చకుండా పంతులుగారి వేలే చూడాలని ఒట్టు పెట్టుకున్నాను. కాసేపు వేలే చూశాను. తర్వాత వేలికున్న ఉంగరం చూశాను. ఉంగరం నుంచి, పెద్దలందరూ తాకి దీవించడానికి పంక్తుల మధ్య తిప్పుతున్న తాళిబొట్టు పళ్లెం చూశాను. పళ్లెం వెనకాలే పోయి పెళ్లికూతురి జేజిని, అంటే నాయనమ్మను, చూశాను. ఆ పెద్దావిడ ముందు వరసలో కూర్చుని, కొంగు చాటున గబగబా ముక్కుపొడి పీలుస్తోంది. మరుక్షణం కళ్లు మూతలు పడ్డాయి, ముక్కుపుటాలు అదిరాయి, నోరు తెరుచుకుంది. పళ్లెం సరిగ్గా ఆమె ముందుంది. పంతులుగారి వేలు ఇంకా లేవలేదు.

నేను ఆలోచించలేదు (ఆలోచించే అలవాటే ఉంటే పరాకు అని ఎందుకంటారు). డోలు మీద విరుచుకుపడ్డాను. మామ గుడ్లు తేలేశాడు. కాని డోలు ఉరిమాక సన్నాయి ఊరుకోకూడదు, తనూ ఎత్తుకున్నాడు. పంతులుగారు "ఆపండయ్యా" అంటున్నట్టు పెదవులు ఆడుతున్నాయి గాని ఏమీ వినపడదు. జేజి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. ఆపుదామనుకునేసరికి ముక్కు మళ్లీ అదురుతోంది. పళ్లెం తిప్పే ఆయన కంగారుపడి దాదాపు పరిగెత్తుతున్నాడు. నేను ఆ ముక్కునే చూస్తూ కొడుతున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఒక్కదాన్నే చూడటం నాకు అదే మొదలు. మామ ముఖం కందగడ్డయింది. ఏడో తుమ్ముకు పళ్లెం పెళ్లికొడుకు దగ్గరికి చేరింది, పంతులుగారు విసుగ్గా వేలెత్తారు, మూడుముళ్లూ పడ్డాయి.

మేళం ఆగగానే మామ రొప్పుతూ, "దించరా డోలు" అన్నాడు. దించాను. భుజం తేలికైపోయింది, గుండె బరువెక్కింది. ఇక జీవితమంతా దూదే అనుకుంటుండగా జేజి కర్ర తాటించుకుంటూ వచ్చింది.

"ఆ డోలు కొట్టినోడు యాడ?"

మామ నమస్కారం పెట్టి, "తప్పయిపోయిందమ్మా, వీడికి మతి నిలవదు" అన్నాడు.

"మతి నిలవంది మీ అందరికీ అబ్బయ్యా! వాడొక్కడే నన్ను చూసినాడు" అని, ఆమె గొంతు తగ్గించింది. "ఏడు తూర్లు తుమ్మినా. మా పిల్ల తాళి కాడ నా తుమ్ము ఇనపడి ఉంటే, రేపు దానికి తలనొప్పొచ్చినా ఈ ముసిల్దాని వల్లే అనేవాళ్లు. ఎవురికీ చెప్పబాకండి."

ఆమె వెళ్లాక మామ నా వైపు తిరిగాడు. "వేలు చూడరా అంటే ముక్కు చూసినావా!" అని పడీపడీ నవ్వి, డోలు పట్టీ తన చేత్తోనే నా మెడలో వేశాడు. నేను పందిరి వెనక్కి పోయి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

పంతులుగారు మాత్రం ఆ తర్వాత ఏ పెళ్లిలో కనిపించినా, ముందు నా వైపు చూసి, అప్పుడు వేలెత్తేవారు.

మామ పోయి చాలా ఏళ్లయింది. నా చేతులూ డోలు దించేశాయి. ఇప్పుడు పెళ్లిళ్లకు చుట్టంలా వెళ్లి కుర్చీలో కూర్చుంటాను. సన్నాయి మొదలుకాగానే నాకు తెలియకుండానే ఎడమమోకాలు పక్కకు జరుగుతుంది. పక్కనున్న పెద్దమనిషి ఇరుకైందేమోననుకుని, పాపం, సర్దుకుని కూర్చుంటాడు.