మా ఆడబిడ్డ కుక్కర్ వద్దన్న రోజు

ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు ఏ పోటీలో గెలిచినా, గెలిచిన వస్తువు నేరుగా వంటింట్లోకే పోయేది. ముగ్గుల పోటీకి స్టీలు బేసిను, కుర్చీలాటకు టిఫిన్ డబ్బా. గెలిచినదాన్ని ఒక పూట పొగిడి, గిన్నెను పదేళ్ళు వాడుకునేవాళ్ళం. అందులో తప్పుందని నాకు తోచేదే కాదు. నాలుగో తరగతితో బడి మానేసి, పంతొమ్మిదేళ్ళకు గౌడవెల్లికి కోడలిగా వచ్చినదాన్ని. స్టీలు మెరిస్తే చాలు, నా కళ్ళు అక్కడే అతుక్కునేవి. (ఇప్పటికీ అంతే, దాచుకోవడమెందుకు.)

మా ఆయన మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ పనివాళ్ళు ఆడుకోవడానికి ఒక గదిలో టేబుల్ టెన్నిస్ బల్ల వేశారు. ఆదివారాల్లో తన చెల్లెల్ని బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల అన్నతో మొదలుపెట్టి ఆ ఫ్యాక్టరీలో బ్యాటు పట్టినవాళ్ళందరినీ ఓడించింది. ఇంట్లో ఉంటే గోడకేసి కొడుతూనే ఉండేది. ఆ చప్పుడు పడలేక మా అత్తమ్మ ఆ పిల్లకే టకటక అని పేరు పెట్టింది. ఆడేది మాత్రం ఫ్యాక్టరీ వాళ్ళ పాత బ్యాటుతో. రబ్బరు లేచిపోతే సైకిల్ పంక్చరు వేసే జిగురుతో అంటించుకునేది. తనదంటూ ఒక మంచి బ్యాటు కొనుక్కోవాలని దాని ఆశ. శామీర్‌పేట రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పోటీలు పెడుతున్నారని, గెలిస్తే నగదు ఇస్తారని గోడ మీద కాగితం చూసి పేరిచ్చింది. ఆడపిల్లను ఒంటరిగా పంపరు కదా, తోడుగా నన్ను పంపారు.

పోయాక తెలిసింది, నగదు మగపిల్లలకేనట. ఆడపిల్లల్లో గెలిచినదానికి ప్రెషర్ కుక్కరు, ఫైనల్లో ఓడినదానికి టిఫిన్ డబ్బా. వేదిక మీద ఎర్ర రిబ్బను కట్టి పెట్టిన ఆ కుక్కరును చూడగానే, మా వంటింట్లో దాన్ని ఏ మూల పెట్టాలో కూడా నేను నిశ్చయించేసుకున్నాను. టకటక మొహం మాత్రం మాడిపోయింది. అక్కడితో అయిందా? మగపిల్లలకు హాలు నడుమ బల్ల, ఆడపిల్లలకు వంటపొయ్యి పక్కన. బట్టలు మార్చుకోవడానికి బియ్యం బస్తాల గది, దానికి తలుపు లేదు. పైగా, పోటీ పెట్టించిన పెద్దమనిషి రాగానే ఆడపిల్లలంతా ఆట ఆపి పూలపళ్ళెం పట్టుకుని వరుసగా నిలబడాలట. ప్లాట్లు వేసి అమ్ముతాడని ఆయన్ను వెనకాల ప్లాట్ల పటేల్ అనేవాళ్ళు, ఎదురుపడితే ‘పటేలా’ అని చేతులు కట్టుకునేవాళ్ళు.

ఫైనలుకు మా టకటక, బొల్లారం వైపు కాలనీ నుంచి వచ్చిన కోస్తా వాళ్ళ అమ్మాయి మిగిలారు. ఆటకు ముందు మా పిల్ల పటేల్ దగ్గరికే పోయి అడిగేసింది.

“పటేలా, మాకు గూడ మగపిల్లలకిచ్చినట్టే ఇయ్యాలె.”

“ఆడివిల్లలకు పైసలెందుకు బిడ్డా? కుక్కర్ అయితే రేపు పెండ్లయినంక గూడ అక్కరకొస్తది.”

“అది నా పెండ్లికి చదివిద్దురు గని పటేలా. ఇయ్యాల ఆటకిచ్చేది ఇయ్యుండ్రి.”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఆడపిల్లలిద్దరూ బస్తాల గదిలో బట్టలు మార్చుకుంటుంటే గుమ్మానికి దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. లోపల గుసగుసలు వినిపించాయి. ఆడపిల్లల ముచ్చట్లేమో అనుకున్నాను. (నా తెలివి అంత.)

ఆట మొదలైంది. మా పిల్ల బంతి వేసింది, ఆ పిల్ల మెల్లగా తిరిగి పంపింది, ఈ పిల్ల ఇంకా మెల్లగా పంపింది. టక్, టక్, టక్. గట్టిగా కొట్టేవాళ్ళు లేరు, వదిలేసేవాళ్ళు లేరు. పసిపిల్లకు ఉగ్గు తాగిస్తున్నంత నెమ్మది. జనం ముందు చప్పట్లు కొట్టారు, తర్వాత లెక్కపెట్టారు, రెండు వందలు దాటాక లెక్క మరిచి నోళ్ళు తెరుచుకు చూశారు. పావుగంటయింది. పటేల్‌కు గండిమైసమ్మ దగ్గర కొత్త ప్లాట్ల భూమిపూజ ముహూర్తం దగ్గర పడుతోంది. పోదామంటే గెలిచినవాళ్ళతో ఫోటో దిగాలి, ముందేమో సర్పంచి ఎలక్షను.

“డ్రిల్లు సారూ, దీనికి రూల్ లేదా?” అని అంపైరును అడిగాడు.

“ఉన్నది పటేలా. గని ఆ పుస్తకం ఇంట్ల మర్సిపోయి వచ్చిన,” అన్నాడు సారు, బంతి మీద నుంచి చూపు తిప్పకుండా.

అప్పుడు పటేల్ కన్ను నా మీద పడింది. “నీ ఆడబిడ్డెనా అమ్మా? జెర చెప్పు.” బల్ల దగ్గరికి పోయాను.

“పిల్లా, జల్దీ కొట్టరాదే! పటేల్ పరేషాన్ అయితున్నడు.”

“వదినె, జెర జరుగు. లైటుకు అడ్డమొస్తున్నవ్.”

అటు నుంచి ఆ కాలనీ అమ్మాయి కూడా, “వదినగారూ, ఏమనుకోకండి, కొంచెం పక్కకండీ. చెయ్యి లాగేస్తోంది మాకు,” అంది. చూస్తే నిజమే, ఇద్దరి ముంజేతులూ చెమటతో తడిసి వణుకుతున్నాయి. బంతి మాత్రం వణకడం లేదు. అంతసేపూ కుక్కరునే చూస్తున్న నేను, ఆ రోజు మొదటిసారి వాళ్ళ ఆట చూశాను. ఎంత అందంగా ఉందో!

వెనక్కి వచ్చాను. “చెప్పినవా?” అన్నాడు పటేల్.

“చెప్పిన పటేలా. ఇంటలేరు.” అక్కడితో ఊరుకోవచ్చు కదా? నా నోరు ఊరుకోలేదు. “కుక్కర్ మంచిదే పటేలా, మస్తుగున్నది. గంత మంచిదైతే మగపిల్లలకు గూడ గదే ఇయ్యరాదుండ్రి? వాళ్ళిండ్లల్ల అన్నం వండుకోరా?”

నేను వెటకారానికి అనలేదు. కుక్కరును ఎవరూ చిన్నచూపు చూడకూడదన్న బాధ నాది. హాలంతా గొల్లుమంది. మగపిల్లల్లో గెలిచినవాడు లేచి, “నాకొద్దు పటేలా, మా అమ్మ నాతోని వండిపిస్తది,” అనేసరికి పటేల్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. మైకు పట్టుకుని, “సరే తియ్యుండ్రి, ఆడివిల్లలకు గూడ మగపిల్లలకిచ్చినంతే,” అన్నాడు.

ఆ పిల్లలిద్దరూ కూడబలుక్కున్నట్టు ఆట ఆపారు. బంతి మా పిల్ల చేతిలో ఉంది. డ్రిల్లు సారు గొంతు సవరించుకుని, “సున్నా, సున్నా. ఇగ మొదలువెట్టుండ్రి,” అన్నాడు. అప్పుడు ఆడారమ్మా అసలు ఆట! అప్పట్లో ఇరవై ఒక్క పాయింట్లకు ఆడేవాళ్ళు. పటేల్ తన ముహూర్తం సంగతే మరిచి ముందుకు వంగి చూశాడు. చివరికి మా టకటక రెండే రెండు పాయింట్లతో ఓడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల మాత్రం రెండో బహుమతి డబ్బుల కవరు బ్యాటు కింద పెట్టుకుని, ఆటోలో దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

“ఓడినవ్ గదనే, ఎందుకు నవ్వుతున్నవ్?”

“గెలుపు ఆమెదే వదినె, ఒప్పుకున్న. గని ఇయ్యాల నన్ను ఆటగత్తె లెక్క సూసిండ్రు. ఓడితే ఏంది?”

నాకేమో, పటేల్ మా మామయ్యకు కబురు పెడతాడేమో, నీ కోడలికి నోరెక్కువని అంటాడేమో అని లోపల ఒకటే దడ. వారం రోజులు ఆ భయంతో అన్నం సహించలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ తర్వాత, ఆటోలో ఒక మూలకు ఒదిగి చెంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న ఆ కొత్త కోడలు గుర్తుకొస్తే జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. పక్కన కూర్చుని వీపు నిమిరి, “భయపడకే పిచ్చిదానా, మంచిగనే అన్నవ్,” అని చెప్పాలనిపిస్తుంది.