దక్షిణం గుమ్మం

రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులవి. మా తెలుగువాళ్ల పిల్లలకు ఒక బడి పెట్టాలని పెద్దలు పూనుకున్నారు. ఊరి బయట జాగా దొరికింది గానీ, పిల్లలు రైలు పట్టాలు దాటి వెళ్లాలి. రైల్వే ఇళ్ల ఆడవాళ్లం ఒప్పుకోలేదు. పట్టాల సంగతి మాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? చివరికి బజారు నడిబొడ్డున, ఏళ్ల తరబడి ఖాళీగా పడున్న ఒక సేఠ్ గారి బట్టల గోదాము అద్దెకు తీసుకున్నారు. నన్ను పంతులమ్మగా పెట్టారు. మా అమ్మాయి ఒకటో తరగతి.

గోదాముకు ఉన్నది ఒకటే పెద్ద తలుపు. దక్షిణాన, నేరుగా రోడ్డు మీదికి. అక్కడే వచ్చింది చిక్కంతా. కమిటీ పెద్దాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో గుమాస్తాగా రిటైరైన మనిషి. ఆయన మనవడూ మా బడిలోనే చేరాడు. ఆ తలుపు ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

“దక్షిణం గుమ్మంలోంచి పసిపిల్లల్ని పంపుతామేటమ్మా? అటేపు యముడుంటాడు.”

దాన్ని ఇటుకలతో మూయించారు. ఖాళీ చేసేటప్పుడు ఎప్పటిలా తెరిచి ఇవ్వాలని సేఠ్ పట్టుబట్టడంతో, సిమెంటు లేకుండా వట్టి మట్టితో కట్టారు. తూర్పు గోడకు చిన్న గుమ్మం తీశారు. అది తెరుచుకునేది ఇరుకు సందులోకి. ఆ సందులో బార్దానా దుకాణం, అంటే పాత గోనెసంచుల వ్యాపారం. సంచులు మా గుమ్మం దాకా పేర్చి ఉండేవి. వాటి మీదే కూర్చుని హమాలీలు బీడీలు కాల్చేవారు.

నాకు ఒళ్లు మండిపోయేది. పిల్లల్ని డబ్బాలో పెట్టి మూత పెట్టినట్టుందని కమిటీ దగ్గర మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. దుకాణదారు రేపే తీయిస్తానని నవ్వుతూ చెప్పేవాడు. ఆ రేపు రాలేదు. పాఠం చెబుతున్నా నా ముక్కు ఆ గుమ్మం వైపే ఉండేది.

ఎండలు ముదురుతున్న ఒక మధ్యాహ్నం, ఎక్కాలు చెప్పిస్తుండగా గోనె కాలుతున్న వాసన వచ్చింది. గుమ్మం దగ్గరికి వెళ్లేసరికే సందంతా పొగ, దాని వెనక మంట. తలుపు మూసేసి, పిల్లల్ని దక్షిణం గోడ దగ్గరికి తోశాను. మా అమ్మాయి నా కొంగు పట్టుకుంది. విడిపించుకుని ఆ ఇటుకల్ని రెండు చేతులతో బాదుతూ అరిచాను. రోడ్డు మీది హమాలీలు విని, గడ్డపారలతో అటువైపు నుంచి పొడిచారు. మట్టి కట్టుబడి గనుక కూలింది. ఆ కన్నంలోంచి ఒక్కొక్కరినే అందించాను. పెద్దాయన ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడో, అవతల నిలబడి పిల్లల్ని అందుకుంటున్నాడు. మనవడు చేతికి అందగానే భోరుమన్నాడు. అందరూ బతికారు. ఆయన మీద నా కోపమంతా ఆ రోజే పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో ఉన్నదే. మావాళ్లు అదీ చెయ్యలేదు.

మసి కడిగించి బడి మళ్లీ తెరిచిన రోజున మా అమ్మాయి చెయ్యి పట్టుకుని వెళ్లాను. సందులో కొత్త సంచులు దించుతున్నారు. దక్షిణం కన్నం దగ్గర మేస్త్రీ ఇటుకలు పేరుస్తున్నాడు. పక్కనే పెద్దాయన. నన్ను చూసి ఎంతో ఆప్యాయంగా అన్నాడు:

“తూర్పు గుమ్మం పెట్టబట్టే పిల్లలు దక్కారమ్మా. సేఠ్‌ని ఒప్పించాను. ఈసారి సిమెంటుతో కట్టించేస్తన్నాం.”

అంతలో బడి గంట కొట్టారు. మా అమ్మాయి నా చెయ్యి విదిలించుకుని, ఆయన మనవడితో కలిసి సందులోకి పరుగెత్తింది.