నడిమి దారం

నేత ఒక్కరి పని కాదు. మగ్గం మీద ఒకరు కూసుంటే, నూలు కండెలు చుట్టేందుకు ఇంకొకరు ఉండాలె. డెబ్బయిలల్ల వరంగల్ల మా ఇంటాయన పోయినంక మగ్గం అమ్మేసిన. కండెలు చుట్టి ఎవరికియ్యాలె? హనుమకొండల ఒక కాలేజీల ఊడ్చే పనికి కుదిరిన. ఇంటికొస్తే మాట్లాడే మనిషి లేదు. పొయ్యి మీద పోపు చప్పుడే చప్పుడు.

కాలేజీ మేడ మీద ఒక అర్ర ఉండేది. ఎన్నడో సముద్రం ఒడ్డున ఓడల దొరలు నడిపిన, నక్షత్రాలు చూసే శాల మూతబడితే, అక్కడి సామాను కొంత ఈ అర్రల చేరింది. ఊయల లెక్క పెట్టెల వేలాడే గడియారం, పొద్దు ఎత్తు కొలిచే ఇత్తడి చట్రం, రెండు రాతి దిమ్మెల నడుమ పొడుగు దుర్భిణి. అది పైకీ కిందికీ లేస్తది గానీ పక్కకు తిరగదు. వాటిని చూసుకునే సారు కోస్తా మనిషి. కిరాయింట్ల ఒంటిగ ఉండేటోడు.

మొదటి రోజే నా చీపురు ఆపిండు.

"ఆ మూల బూజు దులపకమ్మా."

"బూజు ఉంచుమనే సారును మిమ్ముల్నే చూసిన."

"ఆ సాలీడుతో నాకు పనుంది."

కింద గుమస్తా ఈ ముచ్చట విని నవ్విండు. "నువ్వు సాలోళ్ళ బిడ్డవే కదా! సాలీడు చుట్టమొచ్చిందని జర చాయ్ పొయ్యి."

పనేందో వానలు పోయినంక తెలిసింది. దుర్భిణి లోపల దారాలుంటయి, నిలువు కొన్ని, అడ్డం ఒకటి. నాకు చూపిస్తే, పడుగు పోసి నేసుడు మరిచిన బట్ట లెక్క కనబడ్డది. నక్షత్రం నడిమి దారం దాటే గడియను పట్టి ఓడల గడియారాలు సరిచేసేటోళ్ళట. ఆ నడిమి దారమే తెగింది.

"నేతపని వాళ్ళు కదా, మీ ఇంట్లో సన్నదారం ఏమైనా ఉందా?" అన్నడు సారు.

మగ్గం పోయినా పట్టుపోగు ఒకటి సందుగల దాచుకున్న. తెచ్చిచ్చిన. అద్దంల నుంచి చూస్తే బాయి మోకు లెక్కుంది. ఇద్దరం నవ్వినం. మా ఇంటాయన పోయినంక నేను నవ్వుడు అదే మొదలు.

అప్పుడు సారు మూలకున్న సాలెపురుగును చీపురు పుల్ల మీదికెక్కించి కిందికి జారిచ్చిండు. అది దారం వదులుకుంట దిగుతాంది, నేను పంగల పుల్లకు చుట్టుతాన. నా ఊపిరి తగిలి పుటుక్కున తెగింది. ఇంకోసారి చుట్టిన, మళ్ళా తెగింది.

"ఊపిరి బిగబట్టమ్మా!"

"మీరు పుల్ల కదిలియ్యకుండ్రి. నా ముక్కును అనకుండ్రి."

ఆఖరికి నిలిచింది. నేను రెండు కొసలు దుర్భిణి లోపలి కడెం మీద బిగించి పట్టిన, సారు లక్క చుక్క పెట్టిండు. ఎదుటి మనిషి చెయ్యిని చూసుకుంట నా చెయ్యి కదిలించుడు ఎన్ని రోజులాయెనో. ఇంటికి పోయి ఎవరికన్నా చెప్పాలనిపించింది. ఎవరున్నరు?

తర్వాత సారు తన ఊరి దిక్కు బదిలీ మీద పోయిండు. అర్రకు తాళం పడ్డది. మెట్లు ఊడ్చినప్పుడల్లా నాకొక్కటే ఫికరు, ఆ దారం ఉన్నదా, తెగిందా? తాళంచెయ్యి అడిగితే గుమస్తా, "లోపల నీకేం పని?" అనేటోడు.

ఎనభైలల్ల కొత్త సారొకాయన ఆ సామానంతా కింది హాల్ల పెట్టిచ్చిండని తెలిసింది. అప్పటికి నేను పని మానిన. వయోజనుల బడిల అక్షరాలు నేర్చుకున్న. బస్సెక్కి పోయిన. దుర్భిణి మూతి కిటికీ దిక్కుంది. ముంగట అట్ట మీద రాసి ఉంది, "చేతులతో తాకరాదు". నేను దగ్గరికి పోంగనే కాపలా ఆయన కుర్చీల నుంచి లేచిండు.

"చదువొస్తదా అవ్వా?"

"వస్తది. అందుకే చేతులు ఎనుకకు కట్టుకున్న."

అట్లనే వంగి కన్ను పెట్టిన. కిటికీ వెలుగు మీద నిలువు దారాలు నల్లగ కనబడ్డయి. నడుమ నాది ఉన్నది. వానకాలం తేమకు జర వదులైంది.

బిగించాలంటే ఇద్దరు కావాలె.