లాండన్ పేటన్ రాయని ఉత్తరం

లాండన్ పేటన్‌ను మా వర్జీనియాలో సగంమంది వీరుడన్నారు, మిగతా సగం ద్రోహి అన్నారు. వాడేమిటో సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంతర్యుద్ధంలో వాడి దళం గుర్రాలకు లాడాలు కొట్టింది నేనే. వాడి తప్పులో నాకూ పాలుంది.

దక్షిణాది తరఫున పోరాడిన మాది శిబిరం లేని దళం. మామూలు రోజుల్లో ఎవరి పొలంలో వాళ్లం రైతులం. కబురొస్తే గుర్రాలెక్కి ఉత్తరాదివాళ్ల బండ్ల మీద పడి, దొరికింది దోచుకుని చెదిరిపోయేవాళ్లం. చలికి వాళ్ల నీలం కోట్లే తొడుక్కునేవాళ్లం. ఒకటే కట్టుబాటు: ఇంటికొచ్చేటప్పుడు వాగు దాటకముందే కోటు విప్పెయ్యాలి, లేకపోతే మనవాళ్లే శత్రువనుకుని కాల్చేస్తారు. మా దళంలోనే ఉన్న, మా ఊరి టబితా రెక్టర్ కొడుకు సైలస్‌కు ఒక రోజు ఒళ్లు కాలిపోయే జ్వరం. విప్పలేదు. తెల్లారగట్ల పొగమంచులో ఇవతలి గట్టున కాపలా కాస్తున్నది లాండన్. ఒక్క తూటాతో అయిపోయింది.

పక్కనే ఉన్న నేను ఆ కోటు విప్పి వాగులో పారేశాను. ఇద్దరం శవాన్ని మోసుకెళ్లి, ఉత్తరాదివాళ్లు చంపారని తల్లితో చెప్పాం. ఆవిడ అంత ఏడుపులోనూ మాకు మొక్కజొన్న రొట్టె పెట్టింది. నేను తిన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

యుద్ధం ఓడాం. లాండన్ గెలిచినవాళ్ల పార్టీలో చేరాడు. ఊరంతా దుమ్మెత్తిపోసింది. వాళ్లు వాణ్ణి చైనా తీరంలో ఒక రేవుకు కాన్సులుగా, అంటే మన ప్రభుత్వ ప్రతినిధిగా పంపారు. అక్కడ చనిపోయిన మన నావికుల సామాన్లు సర్ది, ఇంటివాళ్లకు ఉత్తరం రాయడం కూడా వాడి పనే. తాగి నీళ్లలో పడ్డా, కత్తిపోటుకు పోయినా, ఉన్నదున్నట్టే రాసేవాడట. ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చి, "ముక్కూమొహం తెలియని తల్లులందరికీ నిజం రాశానురా ఈనాక్. టబితత్తకు తప్ప," అన్నాడు.

మానిన పుండును కెలకొద్దన్నాను. నిజానికి నా భయం నాది, ఊళ్లో నా కొలిమి నడవాలి కదా. వాడు వినలేదు. వాడేం చెబుతాడోనని వెంట వెళ్లాను.

టబితత్త వసారాలో చిక్కుళ్లు ఒలుస్తోంది. లాండన్ నిలబడే అంతా చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"డోర్కస్‌ను నేనెందుకు గడప తొక్కనివ్వలేదో తెలుసా నీకు?" అంది.

డోర్కస్ ఆవిడ కూతురు. యుద్ధం అయ్యాక ఉత్తరాదిలోని పెన్సిల్వేనియావాణ్ణి పెళ్లాడింది. అన్నను చంపినవాళ్లింటికి కోడలిగా పోయావంటూ తల్లి తలుపేసేసింది. కూతురి ఉత్తరాలన్నీ విప్పకుండానే తిప్పి పంపింది.

"తెలుసత్తా," అన్నాడు లాండన్.

"పోయిన చలికాలం ఒక్క ఉత్తరం విప్పాను, చేతిరాత వేరేగా ఉందని. దాని మొగుడు రాశాడు. జ్వరంతో పోయిందట."

లాండన్ మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిడ నావైపు తిరిగింది.

"నువ్వెక్కడున్నావురా ఈనాక్, ఆ రోజు?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"తుపాకీ మోత విని పరిగెత్తుకొచ్చానత్తా. వీడు చెప్పిందే నేనూ నమ్మాను."

ఆవిడ లాండన్‌ను చూసింది. వాడు తలెత్తకుండానే అవునన్నాడు.